ఐదో చక్రం స్థానం: పికప్ ట్రక్కు తొట్టిలో హిచ్ అమరిక – ఒక చారిత్రక పరిశీలన

వ్యాస సంగ్రహం

అమెరికాలో పికప్ ట్రక్కు తొట్టిలో బిగించే ‘ఫిఫ్త్ వీల్ హిచ్’ వెనుక ఇరుసుకు సరిగ్గా పైన గాని, రెండు మూడు అంగుళాలు ముందు గాని ఉండాలన్నది ఆ వృత్తిలో స్థిరపడిన నియమం. ఈ నియమం కేవలం యంత్రశాస్త్ర సూత్రం నుంచి పుట్టింది కాదని, గుర్రపు బండి కాలం నుంచి నేటి వరకు బరువు, మలుపు, మనిషి కూర్చునే చోటు అనే మూడింటి మధ్య జరిగిన సర్దుబాట్ల ఫలితమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఆ స్థానాన్ని నిర్ణయించే అధికారం ఏ కాలంలో ఎవరి చేతిలో ఉందో కూడా పరిశీలిస్తుంది.

కీలక పదాలు: ఐదో చక్రం, కింగ్‌పిన్, ఇరుసు, సెమీ ట్రైలర్, పికప్ ట్రక్కు, సాంకేతిక చరిత్ర

1. ఉపోద్ఘాతం

సాంకేతిక చరిత్ర రచనలో ఆవిష్కరణలకు దక్కిన చోటు అమరికలకు దక్కలేదు. ఒక పరికరాన్ని ఎవరు కనిపెట్టారు, ఎప్పుడు పేటెంట్ పొందారు అన్న ప్రశ్నలకు విస్తృతంగా సమాధానాలు దొరుకుతాయి. అదే పరికరాన్ని ఎక్కడ బిగించాలి, ఆ చోటును ఎవరు నిర్ణయించారు, ఎందుకు మార్చారు అన్న ప్రశ్నలు మాత్రం మెకానిక్ షెడ్డుకే పరిమితమయ్యాయి. ఫిఫ్త్ వీల్ హిచ్ ఈ ఉపేక్షకు మంచి ఉదాహరణ.

ఈ హిచ్ పళ్లెం ఆకారంలో ఉండే ఒక బలమైన ఇనుప దిమ్మె. దాని మధ్యలో కొక్కెం వంటి దవడ ఉంటుంది. ట్రైలర్ ముందు భాగం నుంచి కిందికి దిగిన కింగ్‌పిన్ అనే ఉక్కు కడ్డీ ఆ దవడలో చిక్కుకుంటుంది. ట్రైలర్ బరువులో కొంత భాగం ఈ పళ్లెం మీద ఆని, లాగే బండి వెనుక ఇరుసు మీదకు చేరుతుంది. మిగిలినది ట్రైలర్ సొంత చక్రాల మీద ఉంటుంది.

తెలుగు పాఠకుడికి ఈ ఏర్పాటు పరాయిది కాదు. రెండెడ్ల బండిలో బరువంతా ఇరుసు మీద ఉండదు. కొంత నొగ ద్వారా కాడి మీదకు వస్తుంది. సరుకును మరీ ముందుకు వేస్తే ఎడ్ల మెడలు నలుగుతాయి. మరీ వెనక్కి వేస్తే కాడి పైకి లేచి ఎడ్ల గొంతుకు బిగుసుకుంటుంది. బండి కట్టే రైతు ఈ తూకాన్ని చేతితో నొగ ఎత్తి చూసి తెలుసుకుంటాడు. ముందు చక్రాలు లేని ట్రైలర్ ఒక విధంగా ఎడ్ల బండి వంటిదే. కాడి ఉండవలసిన చోట పికప్ వెనుక ఇరుసు ఉంది. ఆ ‘కాడి’ని ఎక్కడ పెట్టాలన్నదే ఈ వ్యాసంలో పరిశీలించే ప్రశ్న.

2. గుర్రపు బండిలో ఐదో చక్రం

‘ఐదో చక్రం’ అన్న పేరు నాలుగు చక్రాల గుర్రపు బండి నుంచి వచ్చింది. అటువంటి బండి మలుపు తిరగాలంటే ముందు ఇరుసు మొత్తం పక్కకు తిరగాలి. ఇరుసుకు, బండి పెట్టెకు మధ్య నిలువుగా ఒక మేకు ఉండేది. అయితే ఒక్క మేకు మీద బరువంతా నిలిపితే, ఇరుసు తిరిగినప్పుడు పెట్టె ఒక పక్కకు ఒరిగేది. దానికి విరుగుడుగా మేకు చుట్టూ ఇనుప వలయాన్ని అడ్డంగా, నేలకు సమాంతరంగా అమర్చారు. నేలను తాకని ఆ వలయమే ఐదో చక్రం. పాశ్చాత్య భాషల్లో అవసరం లేని వస్తువును, పిలవని మనిషిని ‘బండికి ఐదో చక్రం’ అనడం వాడుక. బండి కట్టేవారి దృష్టిలో మాత్రం అది అత్యవసరమైన భాగం.

ఇక్కడ గమనించవలసిన అంశం ఒకటి ఉంది. గుర్రపు బండిలో ఐదో చక్రం రెండు పనులను ఒకే బిందువు వద్ద చేసింది: బరువు మోయడం, మలుపుకు కేంద్రం కావడం. ఈ రెండు పనులు ఒకే చోట ఉండాలా అన్న ప్రశ్న అప్పట్లో తలెత్తలేదు. ముందు చక్రాలు పెట్టె కిందికి దూరేందుకు వీలుగా వాటిని వెనుక చక్రాలకన్నా చిన్నవిగా చేయడం వంటి సర్దుబాట్లు మాత్రం జరిగాయి. అంటే మలుపులో ఒక భాగం మరొక భాగానికి తగులుతుందన్న సమస్య ఆనాటిదే.

ఇరుసు మొత్తం తిరగకుండా చక్రాలు మాత్రమే వేర్వేరు కోణాల్లో తిరిగే పద్ధతిని మ్యూనిక్ నగరానికి చెందిన బండి నిర్మాత లాంకెన్‌స్పెర్గర్ రూపొందించాడు. ఆయన తరఫున రుడాల్ఫ్ అకర్‌మన్ 1818లో ఇంగ్లండులో పేటెంట్ పొందాడు. మోటారు కార్లు ఈ పద్ధతినే స్వీకరించాయి. దానితో ముందు ఇరుసు మీది ఐదో చక్రం అవసరం తీరిపోయింది. అయినా అది చరిత్ర నుంచి తొలగిపోలేదు. ముందు ఇరుసును వదిలి వెనుక ఇరుసు మీదకు చేరింది.

3. వెనుక ఇరుసు మీదకు

ఇరవయ్యో శతాబ్ది తొలి రెండు దశకాల్లో అమెరికా నగరాల్లో సరుకు రవాణా గుర్రం నుంచి మోటారుకు మారుతున్నది. వ్యాపారుల వద్ద అప్పటికే వేలకొద్దీ గుర్రపు బండ్లు ఉన్నాయి. వాటిని పారవేయకుండా, వాటి ముందు భాగాన్ని మోటారు బండి మీద ఆనించి లాగించవచ్చునన్న ఆలోచన బలపడింది. మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్‌కు చెందిన నాక్స్ సంస్థ చార్లెస్ మార్టిన్ రూపకల్పనతో మూడు చక్రాల ట్రాక్టరును తయారుచేసింది. గుర్రాలు లాగే అగ్నిమాపక యంత్రాలను లాగడానికి కూడా దాన్ని వాడారు. 1910ల మధ్యకాలానికి మార్టిన్, హెర్మన్ ఫార్‌ల కృషి వల్ల ముందువెనుకలకు ఊగగల ఐదో చక్రం వాడుకలోకి వచ్చింది. ఎత్తుపల్లాల రోడ్ల మీద ట్రైలర్, ట్రాక్టర్ వేర్వేరు కోణాల్లో వంగినా బంధం తెగకుండా ఉండటానికి ఈ ఊగుడు తోడ్పడింది.

అదే కాలంలో, 1914లో, డెట్రాయిట్ కమ్మరి ఆగస్ట్ ఫ్రూహాఫ్ వద్దకు ఫ్రెడరిక్ సిబ్లీ అనే కలప వ్యాపారి వచ్చాడు. తన పడవను ఫోర్డ్ మోడల్-టి కారుతో లాగించేందుకు ఏదైనా చేసిపెట్టమని కోరాడు. ఫ్రూహాఫ్ కట్టిన ఆ ట్రైలర్ ముందు భాగం కారు మీద ఆనింది. అది బాగా పనిచేయడంతో కలప మోయడానికి కూడా అటువంటివే కావాలని సిబ్లీ అడిగాడు. సగం మాత్రమే సొంత చక్రాల మీద నిలిచే ఆ బండికి ‘సెమీ ట్రైలర్’ అన్న పేరు స్థిరపడింది. 1918లో ఫ్రూహాఫ్ ట్రైలర్ కంపెనీ ఏర్పడింది.

ఈ దశలో స్థానం గురించిన నిర్ణయం బండి కట్టేవాడిదే. కమ్మరి లేదా లారీ నిర్మాత చట్రం కొలిచి, వెనుక ఇరుసు ఎక్కడుందో చూసి, ఐదో చక్రాన్ని అక్కడ బిగించేవాడు. లారీకి క్యాబిన్ వెనుక ఖాళీ చట్రం తప్ప మరేమీ ఉండదు. కాబట్టి బరువు కోరే చోటుకు, మలుపు కోరే చోటుకు మధ్య పెద్ద ఘర్షణ రాలేదు.

తర్వాతి కాలంలో లారీల ఐదో చక్రాన్ని ముందుకు వెనుకకు జరపగలిగేలా తయారుచేశారు. దాని ప్రధాన కారణం చట్టం. 1974 నాటి అమెరికా సమాఖ్య చట్టం ప్రకారం అంతర్రాష్ట్ర రహదారుల మీద ఒంటి ఇరుసుకు 20,000 పౌండ్లు, జంట ఇరుసులకు 34,000 పౌండ్లు, మొత్తం బండికి 80,000 పౌండ్లు పరిమితి. డ్రైవరు ఐదో చక్రాన్ని జరిపి, ముందు ఇరుసుకు, వెనుక ఇరుసులకు మధ్య బరువును పంచి, తూకపు కేంద్రంలో గట్టెక్కుతాడు. పికప్ తొట్టిలో కూడా జరిగే హిచ్‌లు వచ్చాయి గాని, వాటి కారణం పూర్తిగా వేరు. ఆ తేడాను ఆరో భాగంలో చూడవచ్చు.

4. కర్టిస్ ప్రయోగం

సరుకు కోసం పుట్టిన ఈ బంధాన్ని మనిషి విశ్రాంతి కోసం వాడిన తొలి ప్రముఖుల్లో విమాన నిర్మాత గ్లెన్ కర్టిస్ ఒకడు. 1920ల చివర ఫ్లోరిడాలో ఆయన ‘ఏరోకార్’ అనే నివాస ట్రైలర్‌ను తయారుచేశాడు. విమాన నిర్మాణంలో వాడే తేలికపాటి చట్రం దానికి ఆధారం. ట్రైలర్‌ను కారుకు తగిలించేందుకు గాలి నింపిన చక్రాన్ని కారు వెనుక భాగంలో అడ్డంగా పడుకోబెట్టి, దాని మధ్యలోకి ట్రైలర్ కడ్డీ దిగేలా చేశాడు. రోడ్డు కుదుపులను ఆ టైరే పీల్చుకునేది. ఐదో చక్రం అన్న పేరు ఇక్కడ అక్షరాలా నిజమైంది.

కర్టిస్ 1930లో మరణించాడు. ఏరోకార్ సామాన్యుల బండి కాలేకపోయింది. అయితే రెండు సంగతులను అది ముందే చూపింది. మొదటిది, బంధాన్ని బంపర్ వెనుక కాకుండా కారు శరీరంలోకి, వెనుక ఇరుసు పైకి తెస్తే ప్రయాణం నిలకడగా ఉంటుంది. రెండోది, అలా తెస్తే ఆ చోటు మనుషులకు, సామానుకు దక్కదు.

5. తొట్టి అందించిన అవకాశం, ఇరుసు పెట్టిన నియమం

ఫోర్డ్ సంస్థ 1925లో మోడల్-టి కారును తొట్టితో సహా కర్మాగారం నుంచే అమ్మింది. ఆ తొట్టి పొడవు 56 అంగుళాలు. తర్వాతి దశాబ్దాల్లో ఎనిమిదడుగుల తొట్టి పని బండ్లకు ప్రమాణమైంది. 1960ల చివర, 1970లలో నివాస ట్రైలర్ల తయారీదారులు ఈ తొట్టిలోని ఖాళీని గుర్తించారు. ఇరుసు మీద పైకప్పు లేని చోటు దొరికింది. ట్రైలర్ ముందు భాగాన్ని ఎత్తుగా కట్టి తొట్టి మీదుగా వాల్చితే, కర్టిస్ కోరుకున్న అమరిక అదనపు ఖర్చు లేకుండా సిద్ధించింది.

స్థాన నియమం వెనుక ఉన్న లెక్కను ఒక ఉదాహరణతో చూద్దాం. ట్రైలర్ బరువు 12,000 పౌండ్లు అనుకుందాం. ఫిఫ్త్ వీల్ ట్రైలర్లలో సాధారణంగా 15 నుంచి 25 శాతం బరువు కింగ్‌పిన్ మీద పడుతుంది. 20 శాతం తీసుకుంటే 2,400 పౌండ్లు. పికప్ రెండు ఇరుసుల మధ్య దూరం 160 అంగుళాలు అనుకుందాం.

పిన్ వెనుక ఇరుసుకు 2 అంగుళాలు ముందు ఉంటే ముందు ఇరుసుకు 30 పౌండ్లు, వెనుక ఇరుసుకు 2,370 పౌండ్లు చేరతాయి. పిన్ 10 అంగుళాలు వెనుక ఉంటే ముందు ఇరుసు మీద ఉన్న బరువులోంచి 150 పౌండ్లు తగ్గిపోయి, వెనుక ఇరుసు మీద 2,550 పౌండ్లు పడతాయి. ఇదే బరువున్న ట్రైలర్‌ను బంపర్ కింద, ఇరుసుకు 50 అంగుళాలు వెనుక తగిలించామనుకుందాం. అటువంటి ట్రైలర్లలో 10 నుంచి 15 శాతం బరువే బండి మీద పడుతుంది. 12 శాతం చొప్పున 1,440 పౌండ్లు మాత్రమే అయినా, ముందు ఇరుసు 450 పౌండ్లు కోల్పోతుంది. తక్కువ బరువు ఎక్కువ చెరుపు చేస్తుంది.

ఈ అంకెలు ఒక విషయాన్ని స్పష్టం చేస్తున్నాయి. రెండు అంగుళాలు ముందుకు జరిపితే ముందు ఇరుసుకు దక్కేది 30 పౌండ్లు. అంత పెద్ద బండిలో అది లెక్కలోకి రాదు. మరి వృత్తిలో ఈ నియమానికి అంత పట్టు ఎందుకు? సమాధానం నిలువు బరువులో కన్నా అడ్డ బలంలో ఎక్కువగా ఉంది. పక్క గాలి వీచినా, పెద్ద లారీ దాటిపోయినా ట్రైలర్ పిన్‌ను పక్కకు తోస్తుంది. పిన్ ఇరుసు మీదే ఉంటే ఆ తోపును వెనుక చక్రాలు నేరుగా భరిస్తాయి. బండి దిశ మారదు. పిన్ ఇరుసుకు వెనుక ఉంటే అదే తోపు బండి తోకను తిప్పుతుంది. దూరం పెరిగేకొద్దీ ఆ తిప్పుడు పెరుగుతుంది. అప్పుడు ట్రైలరే బండిని నడిపే పరిస్థితి వస్తుంది. కాబట్టి ‘రెండు అంగుళాలు ముందు’ అన్న నియమంలోని సారం ఆ రెండు అంగుళాలు కాదు. దారిలో వేగంగా పోతున్నప్పుడు పిన్ ఇరుసుకు వెనుక ఉండరాదన్నదే ఆ సారం. కొలతలో చిన్న పొరపాటు జరిగినా గీత దాటకుండా ఉండేందుకు ఆ రెండు అంగుళాలు రక్షణగా నిలుస్తాయి.

6. క్యాబిన్ పెరిగింది, తొట్టి తగ్గింది

ఈ నియమం స్థిరపడుతున్న కాలంలోనే దాని పునాదిని కదిలించే మార్పు మొదలైంది. 1957లో ఇంటర్నేషనల్ హార్వెస్టర్ ‘ట్రావెలెట్’ పేరుతో వెనుక సీటు ఉన్న పికప్‌ను తెచ్చింది. 1970ల తొలి సంవత్సరాల్లో డాడ్జ్, ఫోర్డ్ సంస్థలు పొడిగించిన క్యాబిన్లను అమ్మాయి. పని బండి క్రమంగా కుటుంబ బండి అయింది. క్యాబిన్ పెరిగినా బండి మొత్తం పొడవు అదే నిష్పత్తిలో పెరిగితే ఇంటి ముందు నిలపడం, నగరంలో తిప్పడం కష్టం. అందుచేత తొట్టి కుదించుకుపోయింది. ఎనిమిదడుగుల తొట్టి స్థానంలో ఆరున్నర అడుగులది, 2000 తర్వాత తేలిక పికప్‌లలో అయిదున్నర అడుగులది సాధారణమయ్యాయి.

మరోవైపు ట్రైలర్ వెడల్పయింది. వాణిజ్య వాహనాలకు 1982 నాటి సమాఖ్య చట్టాలు వెడల్పు పరిమితిని 96 అంగుళాల నుంచి 102 అంగుళాలకు పెంచాయి. తర్వాత నివాస ట్రైలర్లలోనూ ఆ వెడల్పు వ్యాపించింది.

ఈ రెండు మార్పులూ కలిసే చోటు పిన్. చతురస్రపు ముక్కు గల ట్రైలర్ సమకోణంలో తిరిగితే దాని పక్క గోడ పిన్ నుంచి సగం వెడల్పు దూరం వరకు క్యాబిన్ వైపు వస్తుంది. 102 అంగుళాల ట్రైలర్‌కు అది 51 అంగుళాలు. ఎనిమిదడుగుల తొట్టిలో క్యాబిన్ వెనుక గోడ నుంచి ఇరుసు వరకు సుమారు 56 అంగుళాలు ఉంటుంది. పిన్‌ను రెండు అంగుళాలు ముందుంచినా 54 మిగులుతాయి. మూడు అంగుళాల సందుతో బండి గట్టెక్కుతుంది. ఆరున్నర అడుగుల తొట్టిలో ఆ దూరం సుమారు 40 అంగుళాలే. పిన్‌కు మిగిలేది 38; కావలసింది 51. వెనక్కి నడిపేటప్పుడు ట్రైలర్ మూల క్యాబిన్ వెనుక అద్దాన్ని తాకుతుంది. బరువు కోరే చోటు, మలుపు కోరే చోటు ఇక్కడ తొలిసారి విడిపోయాయి.

ఈ చీలికకు మూడు రకాల పరిష్కారాలు వచ్చాయి. మొదటిది జరిగే హిచ్. దారిలో ఉన్నప్పుడు పిన్ ఇరుసు మీద ఉంటుంది. ఇరుకు చోట తిప్పవలసి వస్తే డ్రైవరు దిగి, మీట లాగి, పది పన్నెండు అంగుళాలు వెనక్కి జరుపుకుంటాడు. పని ముగిశాక మళ్లీ ముందుకు తేవాలి. మరిచిపోతే పైన చూసిన 150 పౌండ్ల నష్టంతో, తోక తిరిగే ప్రమాదంతో రహదారి ఎక్కినట్టే. కొన్ని హిచ్‌లు మలుపు కోణాన్ని బట్టి తామే జరిగి, తామే తిరిగి వస్తాయి. మనిషి జ్ఞాపకం మీద ఆధారపడిన భద్రతను యంత్రానికి అప్పగించడమే వాటి ప్రత్యేకత.

రెండోది ట్రైలర్ ముక్కును మార్చడం. మూలలను లోపలికి కోసి, పిన్ ఉన్న పెట్టెను ముందుకు చాచి, తయారీదారులు పొట్టి తొట్టికి తగ్గట్టు ట్రైలర్లను రూపొందించారు. మూడోది చారిత్రకంగా అత్యంత ఆసక్తికరమైనది. ఇందులో పిన్ హిచ్‌లో అడ్డంగా తిరగకుండా చీల వంటి దిమ్మెతో బిగుసుకుంటుంది. మలుపు ట్రైలర్ కిందనున్న మరొక బిందువు వద్ద జరుగుతుంది. బరువు ఇరుసు మీదే ఉంటుంది, మలుపు కేంద్రం మాత్రం వెనక్కి పోతుంది. గుర్రపు బండి నాటి నుంచి ఒకే చోట కలిసి ఉన్న రెండు పనులు ఇక్కడ విడిపోయాయి. అయితే దీనికీ మూల్యం ఉంది: ట్రైలర్ పక్కకు తోసే బలం ఇరుసుకు వెనుకనున్న ఆ కొత్త కేంద్రం నుంచి బండిని చేరుతుంది.

7. నిర్ణయం ఎవరిది?

లారీ విషయంలో స్థానాన్ని నిర్మాత నిర్ణయించాడని చూశాం. పికప్ విషయంలో దీర్ఘకాలం ఆ బాధ్యత యజమానిది, అతడు నమ్మిన మెకానిక్‌ది. తొట్టి అడుగున రంధ్రాలు చేసి, కింది చట్రానికి రెండు ఇనుప పట్టాలను బిగించి, వాటి మీద హిచ్ నిలుపుతారు. తొట్టి పైనుంచి చూస్తే ఇరుసు కనిపించదు. మెకానిక్ చక్రం మధ్య బిందువు నుంచి నిలువు గీత తీసి, తొట్టి లోపలికి దాన్ని మార్చుకుని, రెండు వైపులా కొలతలు సరిపోయాక పట్టాలకు గుర్తు పెట్టుకుంటాడు. రంధ్రం చేసే ముందు కింద ఇంధన ట్యాంకు, బ్రేకు గొట్టాలు, తీగలు ఎక్కడున్నాయో చూస్తాడు. ఒకసారి రంధ్రం పడ్డాక ఆ నిర్ణయం వెనక్కి రాదు.

ఈ జ్ఞానం పెద్దగా గ్రంథస్థం కాలేదు. హిచ్ ఎంత బలాన్ని తట్టుకోవాలో చెప్పే ప్రమాణాలను, కింగ్‌పిన్ కొలతలను అమెరికా వాహన ఇంజనీర్ల సంఘం నిర్దేశించింది. పికప్‌లకు వాడే పిన్ వ్యాసం రెండు అంగుళాలు. లారీలకు వాడే సాధారణ పిన్ కూడా అదే. కాని ఒక ప్రత్యేకమైన పికప్‌లో, ఒక ప్రత్యేకమైన ట్రైలర్‌కు ఆ పిన్ ఏ అంగుళం దగ్గర నిలవాలన్నది మెకానిక్ కన్ను, చేయి, టేపు కలిసి తేల్చిన విషయం.

2011 నమూనా సూపర్ డ్యూటీ పికప్‌లతో ఫోర్డ్ సంస్థ హిచ్‌కు కావలసిన ఆధారాన్ని కర్మాగారంలోనే తొట్టి కింద అమర్చి ఇవ్వడం మొదలుపెట్టింది. ఇతర సంస్థలూ అదే బాట పట్టాయి. ఇక రంధ్రం వేయనక్కరలేదు, ఇరుసు వెతకనక్కరలేదు. హిచ్ కాళ్లను నిర్ణీత గుంటల్లో దించి తాళం వేస్తే చాలు. దీనివల్ల అమరిక లోపాలు తగ్గే అవకాశం ఏర్పడిందనడంలో సందేహం లేదు. అయితే నిర్ణయంతో పాటు అవగాహన కూడా కర్మాగారానికి తరలిపోయింది. పిన్ ఇరుసు మీద ఎందుకు ఉందో తెలియని యజమాని, జరిగే హిచ్‌ను ముందుకు తేవడం మరిచిపోతే అది ప్రమాదమని ఎలా గ్రహిస్తాడు? గుంటల చోటును కర్మాగారం నిర్ణయించగలదు. తొట్టి పొడవుకు తగిన ట్రైలర్‌ను ఎంచుకోవడం, పిన్ బరువు బండి మోయగలిగినంతే ఉందో లేదో చూసుకోవడం నేటికీ యజమాని బాధ్యతే.

8. ముగింపు

పై పరిశీలన నుంచి ఈ కింది అంశాలు తేలుతున్నాయి.

1. ఐదో చక్రం గుర్రపు బండి ముందు ఇరుసు నుంచి మోటారు బండి వెనుక ఇరుసుకు మారింది. పేరు మారకపోయినా అది ఆనుకునే ఇరుసు మారింది.

2. పిన్ వెనుక ఇరుసుకు కాస్త ముందుండాలన్న నియమంలో నిలువు బరువు పంపకం కన్నా అడ్డ బలాన్ని అదుపులో ఉంచడమే ముఖ్యం. అంగుళాల అంకె కన్నా అది ఇరుసుకు ఏ వైపున ఉందన్నది ప్రధానం.

3. ఈ నియమాన్ని చిక్కుల్లో పడేసింది బరువు కాదు. క్యాబిన్‌లో పెరిగిన మనుషుల చోటు, ట్రైలర్‌లో పెరిగిన వెడల్పు. లారీ ఐదో చక్రం చట్టం కోసం జరిగితే, పికప్ హిచ్ వెనుక సీటు కోసం జరిగింది.

4. స్థాన నిర్ణయం కమ్మరి నుంచి మెకానిక్‌కు, మెకానిక్ నుంచి కర్మాగారానికి చేరింది. ఈ ప్రయాణంలో కొలత కచ్చితమైంది. దాని కారణం మాత్రం వాడేవారికి దూరమైంది.

నొగ ఎత్తి తూకం చూసే రైతుకు తన బండి ఎందుకు నిలకడగా నడుస్తుందో చేతికి తెలుసు. కర్మాగారపు గుంటలో హిచ్ దించే యజమానికి ఆ తెలివి చేతి ద్వారా అందదు; ఎవరో ఒకరు చెప్పాలి. వృత్తి పరిజ్ఞానం వస్తువులో ఇమిడిపోయి మనుషుల నుంచి జారిపోయే ఇటువంటి సందర్భాలను నమోదు చేయడం సాంకేతిక చరిత్రకారుల బాధ్యత. మన ప్రాంతపు బండి కట్టుబడిలోని అమరికలను కూడా ఈ దృష్టితో పరిశీలించవలసిన అవసరం ఉంది.